ముప్పై ఎనిమిది బిందెలు

రోజు 611

ఇది రాయకూడదనే అనుకున్నాను. బద్ధకం ఒక కారణం. రెండోది, నా దగ్గరున్న కాగితమంతా, జనాన్ని యుద్ధానికి ఉరికించే ఉత్సాహ శాఖవారు పారేసిన పోస్టర్లే. వెనకవైపు నేనేం రాసుకున్నా, తిప్పి చూస్తే "కదలిరండి" అని అడుగెత్తు అక్షరాలు కనిపిస్తాయి. అలాంటి కాగితం మీద నిజం రాయాలంటే కాస్త మొహమాటంగా ఉంటుంది. కానీ నిన్న జరిగినదాన్ని ఇప్పటికే మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. నాలుగో రకం అచ్చయి వస్తే గోడకి అంటించాల్సింది నేనే. అందుకని ముందు నా రకం రాసిపెట్టుకుంటున్నాను.

నా పేరు పోలినాయుడు. వయసు డెబ్బై ఆరు. గట్టు మీద అందరూ జిగురు తాత అంటారు. గట్టంటే సముద్రం ఊళ్ళు మింగాక అడ్డంగా కట్టిన గోడ. పొడవు నలభై మైళ్ళు, వెడల్పు రెండు లారీలు పక్కపక్కన పట్టేంత. దాని మీదే మా కాపురాలు. అఖాతానికి అవతల ఇంకో గట్టుంది. యుద్ధం వాళ్ళతోనే. పైన వేసిన రోజు లెక్క దానిదే. ఎందుకొచ్చిందో ఎవరైనా సరిగ్గా చెబితే రాసుకుందామని ఈ కట్టలో ఒక కాగితం ఖాళీగా ఉంచాను. ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

యుద్ధం మొదటి ఏడాదిలోనే టీవీలు, ఫోన్లు, తెరలన్నీ ఆర్పేశారు. ఎవరి మొహమైనా, ఎవరి గొంతైనా అచ్చం అలాగే తయారుచేసి పంపడం అవతలివాళ్ళకి చేతనైపోయింది. మనవాళ్ళకీ చేతనయిందనుకోండి. ఒకరోజు మా గట్టుపెద్ద తెర మీద కనిపించి లొంగిపోతున్నామని ప్రకటించాడు. అదే సమయానికి ఆయన మా వీధి చివర వేపపుల్ల నములుతున్నాడు. ఆ సాయంత్రమే చట్టం వచ్చింది: ముద్రపడిన కాగితం మీద ఉన్నదే నిజం. ఆ చట్టం పుణ్యాన, చిన్నతనంలో సినిమా పోస్టర్లు అంటించిన నాబోటివాడికి ముసలితనంలో ఉద్యోగం దొరికింది.

ఇక నిన్నటి సంగతి. పొద్దున్న ఏడు గంటలకి తూనీగ ఒకటి మూడో కుళాయి మీద పడింది. పురుగు కాదు, బాంబు కట్టుకుని ఎగిరొచ్చే యంత్రం. మేం ముద్దుగా పెట్టుకున్న పేరు అది. ఆరుగురు పోయారు. కుళాయి పక్కన కబుర్లాడుకుంటున్న ఐదుగురు, ఆరో మనిషి ఎర్నమ్మ. ఆరుగురినీ మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ అంకె దగ్గర నాతో ఎవరూ వాదించనక్కర్లేదు.

ఎర్నమ్మ గురించి రెండు ముక్కలు. మాకు నీళ్ళు రెండు రోజులకోసారి. ఏ గంటకొస్తాయో తెలియదు. అందుకని వరసలో మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. తెల్లారగానే ఎవరి బిందె వాళ్ళు పెట్టేసి పనికి పోతారు. ఒకరి బిందె ఇంకొకరు వెనక్కి జరపకుండా, మేకలు దొర్లించకుండా కనిపెట్టుకుని కూర్చునేది ఎర్నమ్మ. తల్లులు చంటిపిల్లల్ని కూడా ఆ బిందెల మధ్యే దింపి పోయేవాళ్ళు. నీళ్ళు రాగానే "ఓలొల్లో, దార పడతంది" అని ఆవిడ పెట్టే కేకకి వీధులన్నీ కదిలేవి. ఆవిడ ఊరు గుర్తింపు చీటీలు పుట్టకముందే మునిగిపోయింది. నా అన్నవాళ్ళు లేరు, చీటీ లేదు. ఆస్తల్లా నీళ్ళు పట్టుకునే ఒక పాత రంగు డబ్బా. అది ఎక్కడికి ఎగిరిపడిందో దొరకలేదు.

రోజు 612

పొద్దున్నే మైదా ఉడకబెట్టాను. జిగురు కాచేటప్పుడు చిటికెడు మైలుతుత్తం కలపాలి. లేకపోతే తెల్లారేసరికి పోస్టరు మేక కడుపులో ఉంటుంది. నేను చేరిన కొత్తలో శాఖవారు పొదుపని చెప్పి మైలుతుత్తం మానిపించారు. ఆ నెలంతా మా మేకల్లో ఉన్నంత దేశభక్తి మనుషుల్లో లేదు.

నేను బడికి వెళ్ళలేదు. చదువు నాకు గోడల మీదే వచ్చింది. అక్షరాలంటే అడుగెత్తునే ఉంటాయనుకునేవాణ్ణి. మొదటిసారి పుస్తకం తెరిచి అందులో వాటిని చూసినప్పుడు, తిండి లేక చిక్కిపోయాయేమో అనిపించింది. ఈ సంగతి ఇక్కడెందుకంటే, అంటించేవాడికి చదవడం వచ్చినా చదవడు. అంచులు కలిశాయా, ముడత పడిందా, అదే చూస్తాడు. కొత్త పోస్టర్లు నాలుగు అంటించేదాకా నేనూ అంతే.

అయిదోది నిమురుతుంటే వెనకనుంచి మాట వినిపించింది.

"మావా, ఎవుర్ది ఆ బొమ్మ? అచ్చం నా కమ్మల్లాటివే పెట్టుకున్నాది."

తిరిగి చూస్తే మా పక్కింటి దాలమ్మ. ఉప్పుమడుల్లో పని చేస్తుంది. మళ్ళీ పోస్టరు వైపు చూశాను. అక్కడా దాలమ్మే. కాకపోతే, చీటీ మీది ఫోటో చూసి యంత్రం గీసిన గోడ మీది దాలమ్మ పదేళ్ళు చిన్నది, రంగు తేలింది, ఉప్పు గాలి ఎప్పుడూ తగలని మొహం. కింద ఇలా ఉంది: "నీళ్ళకి వెళ్ళిన అమ్మ తిరిగి రాలేదు. కొడుకా, నీ వంతు వచ్చింది." దాని కింద సన్నక్షరాల్లో ముప్పై ఎనిమిది మంది అమరుల పేర్లు.

ఆవిడకి చదవడం రాదు. నేనే చదివి వినిపించాను.

"నాను సచ్చిపోనానా," అంది దాలమ్మ.

"ముద్ర కూడా ఉంది."

"ఎప్పుడు?"

"మొన్న ఏడు గంటలకి."

దాలమ్మ వేళ్ళు మడిచి లెక్కేసింది. "మొన్న ఏడింటికి నాను మడిలో ఉప్పు లాగుతన్నాను. ముందుగా సెప్పుంటే పని మానేద్దును గదా."

జరిగిందేమిటో మధ్యాహ్నానికి తేలింది. శాఖవారు వచ్చేసరికి మనుషుల్ని మేం తీసుకెళ్ళిపోయాం. వరస మాత్రం అక్కడే పడి ఉంది. వరసలో ఎన్ని బిందెలుంటే అంతమంది నిలబడి ఉంటారు కదా అని లెక్కపెట్టారు. పేర్లకి వాళ్ళు కష్టపడనే లేదు. మా దగ్గర ప్రతి బిందె మీదా పేరు కొట్టించుకుంటాం. ఉన్నది ఉన్నట్టు రాసుకుపోయారు. జాబితాలో పైడమ్మ ఉంది. ఆవిడ పచ్చకామెర్లతో పోయి ముప్పై ఏళ్ళు దాటింది. మనవరాలు ఆ బిందె వాడుకుంటోంది. సూర్యోదయ మహిళా పొదుపు సంఘం వారు ముగ్గుల పోటీలో ఇచ్చిన బిందె ఒకటుంటే, జాబితాలో "శ్రీమతి సూర్యోదయ" అని అమరురాలయింది. ముప్పై ఎనిమిదిలో నిజంగా మొన్న పోయినవాళ్ళు ఐదుగురు. పదకొండు మంది యుద్ధానికి ముందే పోయినవాళ్ళు, అసలు లేనివాళ్ళు. ఇరవై ఇద్దరు బతికే ఉన్నారు. వాళ్ళలో కొందరు సాయంత్రం నా దగ్గరికొచ్చి తమ పేర్లు చూపించమని అడిగి, వేలితో తడిమి చూసుకుని వెళ్ళారు.

ఎర్నమ్మ పేరు లేదు. ఆవిడకి బిందె లేదు.

రోజు 614

దాలమ్మని వెంటబెట్టుకుని శాఖకి వెళ్ళాను. ఆవిడకి తన చావు గురించి పెద్ద పట్టింపు లేదు. బిందె కావాలి. పెళ్ళికి వాళ్ళ నాన్న కొనిచ్చిన ఇత్తడి బిందె అది. శాఖవారు ముప్పై ఎనిమిదీ ఎత్తుకుపోయారు.

ఉప ఉత్సాహాధికారి కమలాకర్ గారు నెమ్మదైన మనిషి. దాలమ్మని చూసి లేచి నిలబడ్డారు. "అమరుల ముందు కూర్చోకూడదు," అన్నారు.

"బాబూ, నాను బతికున్నాను. నా బిందె నాకిచ్చీండి."

"మీరు బతికి ఉన్నారని నాకు కనిపిస్తూనే ఉందమ్మా. ఆ మాట చెప్పడానికి మా దగ్గర పద్ధతి లేదు. ఉన్నవాళ్ళు ఉన్నారని మేం పోస్టరు వెయ్యం. రేపు మీరు బతికున్నారంటే ఎల్లుండి ఇంకొకరు బతికున్నారంటారు. అవతలివాళ్ళు నవ్వుతారు. ముప్పై ఎనిమిది అచ్చయిపోయింది. అది తగ్గకూడదు."

"పెరగొచ్చా?" అని అడిగాను. ఎర్నమ్మ సంగతి చెప్పాను.

"బిందె ఉందా?"

"రంగు డబ్బా ఉండేది. దొరకలేదు."

"మరి ఎలా పోలినాయుడుగారూ," అన్నారాయన, నేనేదో గొంతెమ్మ కోరిక కోరినట్టు. "నేనూ లెక్క చెప్పుకోవాలి కదా. వస్తువు చూపించాలి."

బిందె మాత్రం ఇవ్వరట. ముప్పై ఎనిమిదీ శిబిరాలకి ప్రదర్శనగా తిరుగుతాయి. విజయం తర్వాత తిరిగి ఇస్తారు. అప్పటిదాకా దాలమ్మ వీలైనంతవరకు ఇంట్లోనే ఉంటే మంచిదన్నారు.

"ఉప్పుమడికి ఎవురెల్తారు, మీరెల్తారా?" అంది దాలమ్మ.

గుమ్మం దగ్గర జవాను ఆవిడకి సెల్యూట్ కొట్టాడు.

రోజు 616

జోగి సైన్యంలో చేరాడు. జోగి దాలమ్మ ఒక్కగానొక్క కొడుకు; ఇరవై నాలుగేళ్ళు, ముప్పయ్యో మైలు దగ్గర వలలు బాగుచేసే పని. అమరసుతుల దళమని కొత్తది పెట్టారు. అమరుల కొడుకులే అర్హులు. శిక్షణ ఏడు రోజులు, ఏడు రోజులూ నినాదాలకే సరిపోతాయి. రోజు 623 ఉదయం పదింటికి పడవ. అవతలి గట్టుకి వెళ్ళిన పడవలు ఈ రెండేళ్ళలో ఏవీ నిండుగా తిరిగి రాలేదు.

శిబిరానికి బయటివాళ్ళని రానివ్వరు. గొంతుపెట్టెలో, అంటే మొహం కనిపించకుండా మాట మాత్రం వినిపించేదాంట్లో, రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. కానీ చేరిన మొదటిరోజే వాళ్ళకి చెబుతారట: చనిపోయినవాళ్ళ గొంతు వినిపిస్తే అది శత్రువు, వెంటనే పెట్టేయాలి. దాలమ్మ మాట్లాడింది. మాట్లాడిందంటే తిట్టింది. నేను పక్కనే ఉన్నాను. వాడి పుట్టుకనుంచి మొదలుపెట్టి నిన్నటి కూర దాకా వచ్చింది.

"ఏవన్నాడు?" అన్నాను.

"ఏటీ అన్లేదు మావా. రెండు నిమిషాలూ ఇన్నాడు. అప్పుడు పెట్టీసినాడు."

ఆ రాత్రి ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగలేదు. గోడ మీద ఆవిడ బొమ్మ నా చేత్తోనే అంటించాను. మైలుతుత్తం సరిగ్గానే వేశాను. వర్షానికి కూడా ఊడదు.

రోజు 619

ప్రదర్శన మొదటి మజిలీ జోగి వాళ్ళ శిబిరమే. బిందెల వెనక పోస్టర్లు అంటించడానికి నన్ను తీసుకెళ్ళారు.

పొడవాటి బల్ల మీద ముప్పై ఎనిమిది బిందెలు. కుర్రాళ్ళు వరసగా వచ్చి ఒక్కో బిందెకి నమస్కారం పెట్టి ముందుకి నడవాలి. కమలాకర్ గారికి బిందెలు నచ్చలేదు. "సొట్టలు బాగున్నాయి. మసే బాగాలేదు. దుఃఖం మెరవాలి," అన్నారు. రేపు తోమించమని ఆర్డరు.

జోగి తల్లి బిందె దగ్గరికొచ్చాడు. నేను జిగురు చెయ్యి తుడుచుకునే వంకతో పక్కకి చేరాను.

"ఒరే, మీయమ్మ బతికే ఉందిరా. నన్ను చూసి నమ్ము. నేను తెరని కాదు."

"తెలుసు తాతా," అన్నాడు, బిందెకి నమస్కారం పెడుతూనే. "మాయమ్మ ఏ రోజు లైన్లో నిలబడ్డాది?"

చెయ్యి తుడుచుకోవడం ఆపేశాను.

"మరి ఎందుకు చేరావురా?"

"పేర్లన్నీ సదివినాను. రెండుసార్లు. ఎర్నమ్మ లేదు." మెల్లిగా, పెదాలు కదలకుండా మాట్లాడుతున్నాడు. "అక్కడ నిలబడేది ఆవిడొక్కతే గదా తాతా. మా దళపతిని అడిగినాను. బిందె లేదు, మరి మనిసెలా ఉంటాదన్నాడు. సంపినోల్లకి ఆవిడెవరో తెల్దు, మనోల్లకి ఆవిడ పోయిందనే తెల్దు. నన్ను మూడేల్లదాకా ఆ బిందెల మధ్య ఒల్లో కూకోబెట్టుకున్నాది. ఆవిడి కోసం ఎవుడో ఒకడు ఎల్లాల గదా."

"నువ్వు పోతే ఆవిడ పేరు వస్తుందా?"

"రాదు. అలాగని ఊరుకోలేను."

"గోడ మీద ఆవిడ పేరు చూపిస్తే?"

ఈసారి నా వైపు చూశాడు. "సూపిస్తే ఇంటికొచ్చెస్తాను. మాయమ్మకి సెప్పు, ఆ రెండు నిమిషాలూ ఆవిడే అని నాకు తెలుసని. సూపించలేవులే తాతా."

వెనకనుంచి ఎవరో గదిమారు. తర్వాతి బిందెకి, అంటే శ్రీమతి సూర్యోదయకి, నమస్కారం పెట్టుకుంటూ పోయాడు.

రోజు 620

బిందెలు మళ్ళీ మా కుళాయి దగ్గరికే తెచ్చి, తోమడానికి శాఖవారు మా వీధి ఆడవాళ్ళనే పిలిచారు. చింతపండు శాఖే ఇచ్చింది. అలా ఈ రోజు మధ్యాహ్నం మూడో కుళాయి వెనక పాకలో అమరులు తమ బిందెలు తామే తోముకున్నారు. డెబ్బై ఆరేళ్ళలో చాలా చూశాను కానీ ఇది చూస్తానని అనుకోలేదు. సాయంత్రందాకా పాక తాళం నా దగ్గరే ఉంచారు. పేర్ల చీటీలు అంటించే పని నాది.

జోగి అన్నదంతా దాలమ్మకి చెప్పాను. తోముతూనే వింది. బిందె అద్దంలా మెరుస్తోంది. మెడ కింద చుక్కలు చుక్కలుగా తన పేరు.

"మా అయ్య కొట్టించిన పేరిది," అంది.

"తెలుసమ్మా."

"గవరయ్యని పిలు."

గవరయ్య మా గట్టు మీద పేర్లు కొట్టేవాడు. ఒక చిన్న ఉలి, ఒక సుత్తి, ముక్కు చివర కళ్ళద్దాలు. వచ్చి కూర్చున్నాడు. ఏం చెయ్యాలో దాలమ్మే చెప్పింది.

"నా పేరు సెరిపీ. ఆ జాగాలో ఆవిడి పేరెక్కించు."

"బిందె నీదే కదేటే?"

"నాకు ఇంకోటి దొరుకుతాది. ఆవిడికి దొరకదు."

గవరయ్య పని మొదలుపెట్టాడు. పాత చుక్కల మీద ఎడాపెడా చుక్కలు కొట్టి, ఆ చోట ఒక తామరపువ్వు చేశాడు. దాని పక్కన కొత్త పేరు. ఉలి ఒక్కో దెబ్బకీ దాలమ్మ కనురెప్ప వాలింది. మధ్యలో ఆగి అడిగాడు, "ఇంటిపేరేటి?"

ఎవరికీ తెలియదు. మునిగిపోయిన ఊరివాళ్ళని ఎవరినైనా అడుగుదామన్నా ఎవరూ లేరు.

"మూడో కుళాయి అని రాయి," అన్నాను. అలాగే కొట్టాడు: మూడో కుళాయి ఎర్నమ్మ.

ఇది చూసి మిగతా ఆడవాళ్ళు ముందుకొచ్చారు. తమ పేర్లూ మార్చమన్నారు. ఇద్దరి కొడుకులు అదే దళంలో ఉన్నారు. గవరయ్య నా వైపు చూశాడు. లెక్క ముప్పై ఎనిమిదికి తగ్గకూడదు. ఒకరు బతకాలంటే వాళ్ళ జాగాలోకి పోయినవాళ్ళు ఒకరు రావాలి. మా దగ్గర ఉన్నది ఒక్క ఎర్నమ్మే. వాళ్ళే అర్థం చేసుకుని మళ్ళీ తోముడుకి కూర్చున్నారు.

రోజు 622

బిందెలు కూడా దళంతోనే వెళ్ళాలని కొత్త ఆర్డరు వచ్చింది. పడవ ఎక్కించే ముందు శాఖవారి తనిఖీ. గుమాస్తా బిందెలు ఒక్కొక్కటి ఎత్తి పేరు చదువుతున్నాడు, కమలాకర్ గారు జాబితా పట్టుకుని టిక్కు పెడుతున్నారు. నేను బకెట్టులో జిగురు కలుపుతున్నాను. కలపాల్సిన అవసరం లేదు, చేతులకి పని కావాలి.

"మూడో కుళాయి ఎర్నమ్మ," అన్నాడు గుమాస్తా.

"ఈ పేరు లేదే."

"బిందె మీద ఉంది సార్."

"దాలమ్మ ఏది?"

"దాలమ్మ బిందె లేదు సార్."

కమలాకర్ గారు జాబితా వైపు, బిందె వైపు, ఆ తర్వాత కాసేపు నా వైపు చూశారు. నేను బకెట్టులోకే చూస్తూ జిగురు కలిపాను. ఆయన తెలివితక్కువ మనిషి కాదని ముందే రాశాను కదా. రాయకపోతే ఇప్పుడు రాస్తున్నాను.

"మొత్తం ఎన్ని?" అన్నారు.

"ముప్పై ఎనిమిది."

"సరిపోయింది కదా," అని జాబితాలో దాలమ్మని కొట్టేసి ఎర్నమ్మని రాశారు. "కొత్త పోస్టరు వెయ్యమను. పాత మొహం జనానికి ఎలాగూ అలవాటైపోయింది."

సాయంత్రానికి పోస్టరు వచ్చేసింది. ఎర్నమ్మకి చీటీ లేదు, ఫోటో లేదు. అందుకని యంత్రం తనకి తోచిన ముసలావిడని గీసింది. వెండి జుట్టు, ముత్యాల దుద్దులు, నిండుగా పళ్ళు. మా ఎర్నమ్మకి ఉన్నవి నాలుగు. పేరు మాత్రం సరిగ్గా ఉంది. పేర్లలో కాదు, పైన, అడుగెత్తున.

రేవులో పడవ ఎక్కే మెట్లకి ఎదురుగా అంటించాను. నాలుగు మూలలూ రెండుసార్లు నిమిరాను. మైలుతుత్తం రెండు చిటికెలు వేశాను.

రోజు 623

తొమ్మిదింటికి దళం వచ్చింది. జోగి పోస్టరు ముందు ఆగాడు. వెనకవాళ్ళు ఆగారు. దళపతి అరిచాడు. జోగి కదల్లేదు. పేరు చదివి, మళ్ళీ చదివి, ఆ ముత్యాల దుద్దుల వైపు చూసి, చేత్తో నోరు మూసుకున్నాడు. నవ్వో ఏడుపో నేను నిలబడ్డ చోటినుంచి తెలియలేదు.

అతను దళంలోంచి ఎలా బయటికొస్తాడా అని నేను రెండు రోజులుగా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ఆ శ్రమ శాఖే తీసుకుంది. కొత్త జాబితాతో హాజరు పిలిచారు. దాలమ్మ అందులో లేదు కాబట్టి దాలమ్మ కొడుకు అమరసుతుడు కాడు. తల్లి సజీవంగా ఉండగా మోసంతో చేరినందుకు తొలగిస్తున్నామని రాసి, ముద్ర వేసి, బూట్లు విప్పించుకుని పంపేశారు.

పది గంటలకి పడవ కదిలింది. నూట పన్నెండు మంది కుర్రాళ్ళు. ఈ కుళాయివాళ్ళే కాదు, తూనీగలు పడిన మిగతా కుళాయిలవాళ్ళూ ఉన్నారు. అక్కడ ఎలా లెక్కపెట్టారో నేను అడగలేదు. గట్టు అంచున నిలబడి మా వీధి అమరులు ఇద్దరు, కొంగులు గాలికి ఎగురుతుంటే, పడవ కనిపించినంతసేపూ చేతులు ఊపారు. బిందెలు కూడా అదే పడవలో వెళ్ళాయి.

రేవులో దాలమ్మ కొడుకుని ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక తిట్టింది. గోడ ఇవతలికి కూడా వినిపించింది. రెండు నిమిషాల కంటే ఎక్కువే.

రోజు 624

నీళ్ళ రోజు. మూడో కుళాయికి కొత్త గొట్టం వేశారు. పొద్దున్నే వరసలో కొన్నవీ అరువు తెచ్చినవీ పంతొమ్మిది బిందెలు, అవీ దొరకనివాళ్ళ బక్కెట్లు, ఒక రంగు డబ్బా. డబ్బా దాలమ్మది. పక్కన జోగి గొంతుక్కూర్చుని ఉన్నాడు. మేక ఒకటి వస్తే అదిలించాడు.

నీళ్ళు పదీ నలభైకి వచ్చాయి. ఎర్నమ్మలా జోగి కేక వెయ్యలేదు. ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టి చెప్పాడు.